పాల ఆటోలో నలభై గొర్రెలు

ఇంతవరకు జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. డాక్టర్ ఆనందకుమార్ గారికి ఇచ్చినట్టు నాకు ఎవరూ నలభై నిమిషాలు, మైకు, దాని పక్కన నీళ్ళ సీసా ఇవ్వరు.

ఆయన ఒక పెద్ద సంస్థ నుంచి మా కొండకింది ఊరికి వచ్చిన పరిశోధకుడు. కొత్త డిజిటల్ సాంకేతికత మనుషులకు ఎంత పనికొస్తుంది, దానివల్ల నేలకూ నీటికీ ఎంత నష్టం అనేది ఆయన పరిశోధన. అందుకోసం మా అవ్వ చెంచమ్మ మందలో ఉన్న నలభై గొర్రెలకూ బెల్టులు కట్టించాడు. వాళ్ళు స్మార్ట్ కాలర్ అంటారు. గొర్రె ఎక్కడుందో అది నాలుగు గంటలకోసారి ఆకాశానికి చెబుతుంది. ఆకాశం ఆయన కంప్యూటర్‌కు చెబుతుంది. మధ్యలో కాపరిని అడగాల్సిన పని లేదు. ఇంటర్ పూర్తిచేసి ఇంట్లో ఉన్న నన్ను, రజితను, ట్యాబ్‌లో వేలిముద్ర వేయడానికి పెట్టుకున్నారు. 'నలభై కాలర్లూ గొర్రెల మీదే ఉన్నాయా?' అని ట్యాబ్ రోజూ అడుగుతుంది. అవునని నేను వేలు పెట్టాలి.

తొంభై నాలుగు రోజులు పెట్టాను. మొదటి రోజు తప్ప మిగతావన్నీ అబద్ధాలు.

మా ఇళ్ళల్లో గొర్రె మెడకు ఏదైనా కట్టామంటే అది అమ్మవారికి చెప్పుకున్న గొర్రె అని అర్థం. చెప్పుకున్నాక కొయ్యాల్సిందే. ఆ సాయంత్రం మంద ఇంటికి రాగానే అవ్వ చూసి గుండె పట్టుకుంది. "నలబైకి నలబై మొక్కేసినారే నాయనా!" అంటూ ఒక్కొక్క బెల్టూ విప్పి యూరియా సంచిలో వేసింది. ఒక రోజంతా కదలకపోతే గొర్రె చచ్చిపోయినట్టు ఆ బెల్టు చెబుతుందని మాకేం తెలుసు? మర్నాడు రాత్రి ఆనందకుమార్ గారి మనుషులు ఫోన్ చేసి, ఒకేసారి నలభై ఎలా చచ్చాయని అడిగారు. అప్పుడు అవ్వ ఆ సంచిని తీసుకుపోయి, మా ఊరి నుంచి ఆత్మకూరుకు పాలు తోలే మస్తాన్ ఆటోలో క్యాన్ల వెనక పడేసింది. ఆటో తిరుగుతుంది. బెల్టులు బతికే ఉంటాయి. గొర్రెలు ఏ గొడవా లేకుండా కొండకింద బీడులో మేస్తాయి. అందరికీ బాగుంది.

పోయిన వారం ఆ పరిశోధన రిపోర్టు నా చేతికి వచ్చింది. చివరి పేజీలో ఒక సిఫారసు ఉంది. కొండకింద బీడులో మేత పూర్తిగా అయిపోయింది కాబట్టి కంచె వేసి ఐదేళ్ళు మూసేయాలని. ఆ బీడు లేకపోతే అవ్వ తన మందను ఆరు నెలల్లో కటికవాళ్ళకు తోలాలి.

ఈ రోజు ఆ సిఫారసును ఆఫీసర్ ముందు పెట్టే రోజు.

*

సమావేశం ఆత్మకూరులో ఒక కళ్యాణమండపంలో పెట్టారు. ముందు రోజు ఎవరిదో పెళ్ళి జరిగినట్టుంది. వేదిక మీద పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే ఎర్ర వెల్వెట్ సింహాసనాలు రెండూ అలాగే ఉన్నాయి. ఒకదానిలో ఆనందకుమార్ గారు కూర్చున్నాడు. రెండోదానిలో ఆయన ల్యాప్‌టాప్ బ్యాగు కూర్చుంది. వెనక ఫ్లెక్సీ మీద 'పర్యావరణాన్ని కాపాడే సాంకేతికత' అని ఉంది. హాల్లో ఏసీ ఎంత పెట్టారంటే నేను చున్నీ తల మీదుగా కప్పుకున్నాను. బయట నాలుగు కార్లు, డ్రైవర్లు లోపల నిద్రపోతుంటే ఇంజన్లు నడుస్తూనే ఉన్నాయి.

ముందు వరసలో ఆఫీసర్ విజయదుర్గ గారు కూర్చున్నారు. బీడు మూయాలా వద్దా అని సంతకం పెట్టవలసింది ఆమె. కాటన్ చీర, ఒడిలో ఫైలు, చేతిలో మూత తీసిన పెన్ను. ఆమె నోట్సు రాసుకుంటున్నారు. అది చూసి నాకు భయమేసింది. వినేవాళ్ళు లేనప్పుడు అబద్ధం అంత ప్రమాదం కాదు.

ఆనందకుమార్ గారు లేచి మైకు అందుకున్నాడు. తెర మీద మ్యాపు వచ్చింది. మా ఊరి నుంచి ఆత్మకూరు దాకా లావుపాటి ఎర్ర గీత.

"ఈ గొర్రెలు రోజుకు సగటున అరవై ఒక్క కిలోమీటర్లు నడుస్తున్నాయి" అన్నాడు.

చప్పట్లు కొట్టారు. గొర్రెలు నడిచినందుకో, ఆయన చెప్పినందుకో తెలియదు.

విజయదుర్గ గారు తలెత్తారు. "అంత దూరం నడుస్తాయా?"

"ఆకలి నడిపిస్తుంది మేడమ్. ఉన్నచోట మేత లేదు. అదే మా పరిశోధనలో బయటపడిన ముఖ్యమైన విషయం."

మా మందలో అన్నిటికన్నా గట్టి గొర్రె ఎనిమిది కిలోమీటర్లు నడిస్తే నీడ చూసుకుని నిలబడిపోతుంది. అరవై నడవాలంటే ఎనిమిది దాని కాళ్ళ మీద, మిగతా యాభై రెండు మన భుజాల మీద. ఈ మాట చెప్పడానికి చదువు అక్కర్లేదు. మా వీధిలో ముక్కు తుడుచుకోవడం రాని పిల్లాడు కూడా చెబుతాడు. కానీ ఆ పిల్లాడికి మైకు ఇవ్వరు.

"ఇంకో విశేషం" అని ఆయన బాణం గుర్తును ఆత్మకూరు బస్టాండు మీద పెట్టాడు. "రోజూ ఉదయం పదింటికి నలభై గొర్రెలూ ఇక్కడ ఆగుతున్నాయి. అంటే పట్టణం వదిలేసే వ్యర్థాల మీద ఆధారపడుతున్నాయని మేం నిర్ధారించాం."

మస్తాన్ అక్కడ రోజూ దోశ తింటాడు. అదీ సంగతి.

"ఇక ఆదివారాలు." గీత ఆత్మకూరు దాటి సోమశిల వైపు తిరిగింది. "ఆదివారం మాత్రమే మంద సోమశిల జలాశయానికి వెళుతోంది. ఆ రోజు రోడ్డు మీద వాహనాలు తక్కువ. జంతువులు దాన్ని గుర్తుపట్టి, నీటిని వెతుక్కుంటూ పోతున్నాయి."

మస్తాన్ అత్తగారిల్లు సోమశిల. ఆదివారం పాలు దించేసి అటే పోతాడు. ఆమె చేపల పులుసు చేస్తుంది. గొర్రెలకు వారాలు తెలుసని లోకంలో కనిపెట్టిన మొదటి మనిషిని నేను చూస్తున్నాను. ఆయన టై సర్దుకుంటున్నాడు.

నాకు నవ్వు రాలేదు. ఆయన తెలివితక్కువతనం మీద నాకెంత అసహ్యం ఉందో, నా వేలి మీద అంతే ఉంది. ఆ గీతలో ప్రతి అంగుళాన్నీ నిజమని ముద్ర వేసింది ఆ వేలే.

"ఈ సాంకేతికత వల్ల పర్యావరణానికి పడే భారం ఎంత?" విజయదుర్గ గారు అడిగారు.

"దాదాపు శూన్యం మేడమ్. కంప్యూటర్లు తాగే కరెంటు, వాటిని చల్లబరిచే నీళ్ళు, అన్నీ లెక్కలోకి తీసుకున్నాం."

ల్యాప్‌టాప్ పక్కన నిలబడి ఉన్న ఆయన సహాయకురాలు జెస్సికా అక్క తల వంచుకుంది. ఎందుకో నాకు తెలుసు. రెండో నెలలో ఆమే మా ఇంటికి వచ్చి నలభై బెల్టులకూ బ్యాటరీలు మార్చింది. ఆటోలోంచి దించిన సంచిలో ఉన్న బెల్టులను చూసి, ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంది. తర్వాత మారు మాట లేకుండా మార్చి, తిరిగి సంచిలోనే వేసింది. పాత బ్యాటరీలు ఏం చేయాలని సారుకు ఫోన్ చేస్తే, "ఎక్కడో ఒకచోట గుంత తీసి పూడ్చమను" అన్న ఆయన గొంతు నాకు కూడా వినబడింది. ఆ నలభై బ్యాటరీలు ఏ లెక్కలోనూ లేవు.

"ఇవి ఇప్పుడు, ఈ నిమిషంలో ఎక్కడున్నాయో చూపించగలరా?" అన్నారు విజయదుర్గ గారు.

"తప్పకుండా. జెస్సికా, లైవ్ పెట్టండి."

"సార్, లైవ్ ఎప్పుడూ పెట్టలేదు. బ్యాటరీ తొందరగా..."

"పెట్టండి."

నేను తలుపు వైపు తిరిగి చూశాను. ఎందుకంటే ఆ రోజు పదకొండు గంటలకు అవ్వకు కూడా పిలుపు ఉంది. 'ఆదర్శ కాపరి' అని శాలువా కప్పుతారట. అవ్వ వస్తే ఎలా వస్తుంది? మస్తాన్ ఆటోలో వస్తుంది. సంచి ఎక్కడుంటుంది? గోడ మీద గడియారం చూశాను. పదకొండుకు పది నిమిషాలు.

తెర మీద నలభై ఎర్ర చుక్కలు ఒకేసారి వెలిగాయి. ఒకదాని మీద ఒకటి పడి పెద్ద బొట్టులా ఉన్నాయి. ఊరి చివర పెట్రోలు బంకు దగ్గర ఉన్నాయి.

"చూశారా, మంద పట్టణంలోకి వస్తోంది" అన్నాడు ఆనందకుమార్ గారు. గొంతులో గర్వం.

బొట్టు కదిలింది. చాలా వేగంగా కదిలింది.

"పరిగెత్తుతున్నాయా?" విజయదుర్గ గారు అడిగారు.

"అవును... ఏదో చూసి భయపడ్డాయి. గుంపు ప్రవర్తన. చాలా అరుదైన దృశ్యం మేడమ్ ఇది. జెస్సికా, రికార్డ్ చేయండి."

బొట్టు బస్టాండు దగ్గర ఆగింది. హాలంతా తెర వైపు వంగింది. మళ్ళీ కదిలింది. కుడికి తిరిగింది. మా మండపం ఉన్న వీధిలోకి వచ్చింది.

విజయదుర్గ గారు లేచి కిటికీ దగ్గరికి నడిచారు. పరదా తప్పించి చూశారు.

"ఆనందకుమార్ గారూ, మ్యాపులో మీ గొర్రెలు గేటు దాటి లోపలికి వచ్చేశాయి. నాకు ఒక పాల ఆటో తప్ప ఏమీ కనబడటం లేదే?"

*

అందరూ వరండాలోకి వచ్చారు. నీలం రంగు ట్రాలీ ఆటో, వెనక పాల క్యాన్లు. ముందు సీటులో మస్తాన్ పక్కన కాలు మడుచుకుని మా అవ్వ. శాలువా కప్పుతారని మంచి చీర కట్టుకుంది. చేతిలో పాత పెయింటు డబ్బా.

"ఏంది రజితా, ఇంతమంది బయటికే వచ్చినారు? అవ్వంటే మామూలు మనిషి కాదులే!" అన్నాడు మస్తాన్, నవ్వుతూ.

విజయదుర్గ గారు ఆటో వెనక్కు వెళ్ళి యూరియా సంచి చూశారు. సంచి లోపల చిన్న చిన్న ఆకుపచ్చ దీపాలు మినుక్కుమంటున్నాయి.

"ఇందులో ఏముంది?"

మస్తాన్ నవ్వు ఆగిపోయింది. అవ్వ వైపు చూశాడు. అవ్వ మెల్లగా దిగి కొంగు సర్దుకుంది.

"బెల్టులు తల్లీ. ఆ సారువే. దినామూ తిరగతా ఉండాల గదా, ల్యాకుంటే చచ్చిపోతాయంట."

ఆనందకుమార్ గారు సంచి మూతి విప్పి లోపలికి వంగి చూశాడు. అడుగున ఎక్కడైనా గొర్రెలు ఉంటాయేమో అన్నట్టు చూశాడు. ఆయన మెడ మీద ఎర్రదనం టై లోపలి నుంచి పైకి పాకింది.

"ఇది నేరమని తెలుసా మీకు? మూడు నెలల పరిశోధన నాశనం చేశారు!"

"నేనేం నాశనం జేసినా సామీ? ఒక్క బెల్టు పోనిచ్చినానా? నలబై ఉండాయి, తీసి చూసుకో." అవ్వ పెయింటు డబ్బా ముందుకు చాపింది. "ఇంద, నీ పాత బ్యాటరీలు గూడా తెచ్చినా. పూడ్చమన్నావంట గదా. మేత మొలిచే నేలలో ఇయ్యి పూడిస్తే రేపు ఆ మేత తినేది ఎవురు, నువ్వా?"

విజయదుర్గ గారు డబ్బాలోకి చూశారు. తర్వాత ఆయన మొహంలోకి చూశారు. "శూన్యం అన్నారు మీరు."

"అది... తొలి దశలో చిన్న చిన్నవి..."

"పూడ్చమన్నారా లేదా?"

ఆయన జెస్సికా అక్క వైపు తిరిగాడు. ఆ నేరం ఆమె తన మీద వేసుకుంటుందేమోనని ఎదురుచూశాడు. జెస్సికా అక్క మొదటిసారి తలెత్తింది. "అన్నారు మేడమ్. ఫోన్లో అన్నారు."

అంతటితో ఆయన పని అయిపోయిందనుకున్నాను. కానీ అలాంటివాళ్ళు కింద పడితే పక్కవాళ్ళ కాలు పట్టుకుని లేస్తారు. ఆయన వేలు చాచి నన్ను చూపించాడు.

"ఈ అమ్మాయి రోజూ అబద్ధపు వేలిముద్ర వేసింది మేడమ్. వీళ్ళ మాట ఎలా నమ్మాలి? బీడులో మేత ఉందనడానికి వీళ్ళ దగ్గర మాత్రం ఏం ఆధారం ఉంది? కంచె వేయడమే మంచిదని నేను ఇప్పటికీ అంటాను."

ఎప్పుడూ నావైపు చూడని మొహాలన్నీ ఒకేసారి నావైపు తిరిగాయి. నేను స్తంభం వెనక్కు జరిగాను. స్తంభం సన్నగా ఉంది.

విజయదుర్గ గారు కేకలు వేయలేదు. "చూడమ్మా, ఈ రిపోర్టును నేను పక్కన పడేయగలను. కానీ కంచె వేయమని ఇంకో ఫైలు ముందునుంచే నా బల్ల మీద ఉంది. మందలు బీడుతో సరిపెట్టుకోవడం లేదు, సరిహద్దు రాళ్ళు దాటి ఫారెస్టులోకి పోతున్నాయని దాంట్లో ఫిర్యాదు. ఈ తొంభై నాలుగు రోజులూ గొర్రెలు బీడులోనే మేశాయని చూపించే రాత ఏదైనా, ఎవరి దగ్గరైనా ఉంటే ఇవ్వండి. ఆ ఫైలు ఆపుతాను. లేకపోతే ఆపడానికి నాకు దారి లేదు."

అవ్వ నావైపు చూసింది. అవ్వకు చదువు రాదు. కానీ నా భుజాన ఉన్న సంచిలో ఏముందో తెలుసు.

ట్యాబ్‌లో అవునూ కాదూ తప్ప ఏమీ చెప్పడానికి చోటు లేదు. అందుకని ప్రతి సాయంత్రం అవ్వ మందను తోలుకొచ్చాక, ఆ రోజు ఎక్కడెక్కడ మేపిందో చెబుతుంటే నా డైరీలో రాసుకునేదాన్ని. ఎవరికీ చూపించాలని కాదు. పగలంతా ఒక అబద్ధం చెప్పాక, ఎక్కడో ఒకచోట నిజం పెట్టకపోతే నాకు అన్నం సయించేది కాదు.

డైరీ తీసి ఇచ్చాను. ఉదయగిరి బజారులో కొన్న పొడుగు నోట్సు అది, అట్ట మీద నూనె మరక.

విజయదుర్గ గారు అక్కడే నిలబడి పైకి చదివారు. "'వాగు వార నుంచి తుమ్మల దాకా. గడ్డి మోకాలెత్తు. రెండు గొర్రెలు ఈనాయి.' 'ఎర్రగుట్ట పక్క. చెలమలో నీళ్ళు ఉన్నాయి. మధ్యాహ్నం కానుగ నీడ.' 'వాగు అవతల. మేత బాగుంది. అవ్వ పాట పాడిందట.'" ఆమె పేజీలు తిప్పారు. "ప్రతి రోజూ ఉందా?"

తలూపాను.

ఆనందకుమార్ గారు నా పక్కకు వచ్చేశాడు. అంతవరకు నేరస్థురాలిని, ఒక్క నిమిషంలో ఆయనకు బంగారపు గనిని అయ్యాను. "రజితా, ఇది అమూల్యమైన డేటా తెలుసా? మనం కలిసి ప్రచురిద్దాం. నీ పేరు కూడా వేస్తాం. చివర్లో."

ఆయన నోటి నుంచి ఏలక్కాయ వాసన వస్తోంది. నేను ఇంకో అడుగు దూరం జరిగాను. నా పేరు చివర్లో వేస్తాడట.

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చాక, చెయ్యి చాచి ఆ నోట్సు లాక్కోవాలనిపించింది.

సంక్రాంతి సెలవులు అయిపోయిన వారంలో ఈ సారు వాళ్ళే వచ్చి, బీడు మధ్యలో, వాగు వార, మంచి గడ్డి ఉన్నచోటే టెంట్లు వేశారు. గొర్రెల మెడల వైపు ఒక్కరూ చూడకుండా, డ్రోన్ ఎగరేసి వీడియో తీశారు. దాని రొదకు గొర్రెలు చెదిరి, చూలుతో ఉన్న గొర్రె ఒకటి గుంతలో పడింది. వాళ్ళున్న ఎనిమిది రోజులూ అవ్వ మందను ఇంకెక్కడా నిలపలేక సరిహద్దు రాళ్ళు దాటించింది. ఎవరికీ చెప్పొద్దని నాతో అంది. నేను ఎవరికీ చెప్పలేదు. రాశాను.

విజయదుర్గ గారి వేలు ఒక పేజీ దగ్గర ఆగిపోయింది. పెదవులు కదలడం మానేశాయి. లోపల్లోపల చదువుకున్నారు. పేజీ తిప్పారు. మళ్ళీ వెనక్కు తిప్పారు.

ఆనందకుమార్ గారు ఆమె భుజం మీదుగా తొంగి చూశాడు. నా చేతిరాత గుండ్రంగా, దూరానికి కూడా కనబడేలా ఉంటుంది. మా టీచరు దానికి బహుమతి కూడా ఇచ్చింది. చదువుతూ చదువుతూ ఆయన మొహం మళ్ళీ విప్పారింది. ఆ పేజీలో తన టెంట్ల సంగతి ఆయనకు కనబడలేదు. రాళ్ళ సంగతి ఒక్కటే కనబడింది.

"రజితా" అన్నారు విజయదుర్గ గారు, నెమ్మదిగా. "ఈ నోట్సులో ఉన్నదంతా నిజమేనా?"

ఈ పేజీ అబద్ధమంటే మిగిలిన ఎనభై ఆరు రోజులూ ఎవరు నమ్ముతారు? నిజమంటే అవ్వను నేనే పట్టించినట్టు. నేను అట్ట మీది నూనె మరక వైపు చూశాను.

"ఏంది పాపా, ఏమడగతా ఉండాది ఆమె?" ఒక చెవి సరిగా వినబడని అవ్వ మెల్లగా అడిగింది.

మస్తాన్ చెప్పాడు. "పాప రాసిందంతా నిజమేనా అంటా ఉండాది అవ్వా."

"నిజంగాక?" అవ్వ అందరి వైపూ ఒక్కసారి చూసింది. టై వైపు మాత్రం కొంచెం ఎక్కువసేపు చూసింది. "నేను జెప్పిందే గదా రాసేది. ఆ సారు మాదిరి ఊహించి రాసేదానికి మాకు టైమేడిది? చదువు పాపా. గట్టిగా చదువు. ఏం రాసినావో ఒక్కపూటన్నా నేను యినలా."

విజయదుర్గ గారు నోట్సు నా చేతికి ఇచ్చారు. వేలు ఆ పేజీ మీది నుంచి తీయలేదు.

"చదువమ్మా. ఇక్కడి నుంచి."

బడిలో పాఠం చదవమంటే పుస్తకం వెనక మొహం దాచుకున్నదాన్ని. పేజీ మీద తేదీ ఉంది. దాని కింద ఒక్క కొట్టివేత కూడా లేకుండా నా అక్షరాలు. అవ్వ సరిగా వినబడే చెవిని నావైపు తిప్పి, ఆటో అంచుకు ఆనుకుంది.

నేను స్తంభం వెనక నుంచి ముందుకు వచ్చి, మొదటి వాక్యం పైకి చదివాను.

"'ఈ రోజు అవ్వ రాళ్ళు దాటింది.'"